తెర ముందు, నీళ్ళు తర్వాత

మా బండి మీద పేరు ఉండదు. బొమ్మ ఉండదు, ఫోను నంబరు ఉండదు. తెల్లరంగు వేసిన పాత వ్యాను, అంతే. అది ఎవరి గుమ్మం ముందు ఆగినా లాండ్రీ బండో, మంచినీళ్ళ బండో వచ్చిందనుకుని జనం తమ దారిన తాము పోవాలి. అది మా వదిన పెట్టిన పద్ధతి. బండి మీద సంస్థ పేరైనా లేనివాళ్ళకి సహాయ నిధి ఎలా ఇస్తామని పురపాలక సంఘం ప్రచార అధికారి నన్ను అడిగాడు. పేరు లేదు కాబట్టే మమ్మల్ని ఇళ్ళలోకి రానిస్తున్నారని చెప్పాను. తలకెక్కలేదు. రెండోసారి కొంచెం గొంతు పెంచి చెప్పాను. అప్పుడూ ఎక్కలేదు కానీ, నామీద కోపం మాత్రం వచ్చింది.

మేం చేసేది స్నానాలు చేయించే పని. మంచం దిగలేనివాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, ఒక పక్క చచ్చుబడిపోయినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, వేణ్ణీళ్ళతో శుభ్రంగా స్నానం చేయించి, ఉతికిన బట్టలు తొడిగి, తల దువ్వి వస్తాం. బండిలో నీళ్ళ ట్యాంకు ఉంటుంది, నీళ్ళు కాచే బాయిలరు ఉంటుంది, మేడల మీదికి కూడా అందే పొడవాటి పైపు ఉంటుంది. చక్రాలున్న స్నానాల కుర్చీ ఒకటి. బండి నడిపేది మా ఆయన. పని నేర్పింది ఆయన అక్క, మా వదిన. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మాట పొదుపు. ఆవిడ మిగిల్చిన మాటలన్నీ నేను ఖర్చు పెడుతుంటానని మా ఆయన వేళాకోళం.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైంది సబ్బూ కాదు, నీళ్ళూ కాదు. తెర. స్నానాల కుర్చీ వెనక ఇనప చట్రానికి ముదురు నీలం గుడ్డ చుట్టి ఉంటుంది. కుర్చీలో మనిషి కూర్చోగానే చెరోవైపూ పట్టుకుని లాగితే చుట్టూ గదిలాగా అయిపోతుంది. ఒంటిమీద చెయ్యి వేసేముందు తెర లాగాలి. ఇంట్లో ఎవరూ లేకపోయినా లాగాలి. తలుపులు మూసి ఉన్నా లాగాలి. స్నానం అయ్యాక మళ్ళీ తీసేది మేం కాదు. కుర్చీలో ఉన్న మనిషి "తియ్యండి" అనాలి, అప్పుడే తీస్తాం. వదిన దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ముందు నీళ్ళు ముట్టుకున్నానని నా చేతిమీద ఒక్కటి వేసింది. "తెర ముందు, నీళ్ళు తర్వాత" అంది. నా చేతులకి ఆ మాట అలా పట్టేసింది. ఇప్పుడు నేను చెప్పక్కర్లేకుండా అవే చేసుకుపోతాయి.

ఆ తెర కుట్టింది మిషనత్త. ఒకప్పుడు ఊళ్ళో బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆవిడ చేతిమీదుగానే వెళ్ళేవి. కుట్టుమిషను అత్త అని పిల్లలు పిలిచి పిలిచి చివరికి మిషనత్త చేశారు. మెట్లమీద పడి తుంటి విరిగాక మేడమీద ఒంటిగదిలో ఒక్కతే ఉంటోంది. మా మొదటి తెర పల్చటి గుడ్డ. ఆవిడ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఇది తెరా, దోమతెరా అని మమ్మల్ని ఏకిపారేసి, మిగిలిపోయిన యూనిఫారం గుడ్డతో రెండు పొరలు వేసి తనే కుట్టి ఇచ్చింది. వెలుతురు కూడా దూరదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఈ చలికాలం మొదట్లోనే మా బాయిలరు చతికిలబడింది. ట్యాంకుకి ఏమీ కాలేదు. దాని గోడలు మందం, వేణ్ణీళ్ళు పోస్తే పూటంతా వేడి నిలబడుతుంది. కాచేదే లేదు. మా ఆయన దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, తిట్టి, బతిమాలి, చివరికి చేతులెత్తేశాడు. కొత్తది కొనాలి. మా దగ్గర అంత లేదు. పురపాలక సంఘం ఏటేటా సేవా సంస్థలకిచ్చే సహాయ నిధి ఉంది కదా, అక్కడికి వెళ్ళాం.

లెక్క అడగడం తప్పని నేను అనను. డబ్బు జనానిది. పాత ఛైర్మన్ ఉన్నప్పుడు కమిటీవాళ్ళు ఇళ్ళవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరికి వచ్చి, గుమ్మంలో కూర్చుని మాట్లాడి వెళ్ళేవాళ్ళు. మేం వెళ్ళే ఇళ్ళలో మందులిచ్చే డాక్టరమ్మని కనుక్కునేవాళ్ళు. అది పద్ధతి. కొత్త ఛైర్మన్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఈసారి టౌనుహాల్లో పెద్ద సభ పెడతారట. ప్రతి సంస్థా వేదిక మీదికి ఎక్కి, తను చేసే సేవ జనం కళ్ళముందే చేసి చూపించాలట. ఛైర్మన్ గారు స్వయంగా పాల్గొంటారట. ఫొటోలు తీస్తారు. నచ్చినవాళ్ళకి అక్కడికక్కడే నిధి.

కమిటీ గదిలో పొడవాటి బల్లకి అవతల వాళ్ళు, ఇవతల నేనూ వదినా. మా పని వేదిక మీద చేసేది కాదని మర్యాదగానే చెప్పాను. డాక్టరమ్మని అడగమన్నాను. ఒప్పుకున్న ఇళ్ళకి మీరే రండి, మాట్లాడండి అన్నాను. ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నాడు. వినడంలో లోటు చెయ్యలేదు.

"కనపడని సేవకి ప్రజల సొమ్ము ఎలా ఇస్తామమ్మా? జనం చూడాలిగా" అన్నాడు.

"స్నానం సార్, చూసేది కాదు" అన్నాను.

బల్లకి అవతల ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వదిన బల్లకింద నా మోకాలు నొక్కింది. ప్రచార అధికారి మధ్యలో దూరి, మొత్తం స్నానం అక్కర్లేదనీ, ఒక పెద్దావిడని కుర్చీలో కూర్చోబెడితే ఛైర్మన్ గారు ఆవిడ కాళ్ళమీద నీళ్ళు పోసి, సబ్బు రాసి, తువ్వాలుతో తుడుస్తారనీ, చూసేవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరుగుతాయనీ చెప్పాడు. ఎవరి కళ్ళనీళ్ళు అని అడగబోయాను. వదిన మళ్ళీ మోకాలు నొక్కింది.

బయటికి వస్తుంటే వరండాలో ఒకాయన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చచ్చిపోదామనుకునేవాళ్ళు ఫోను చేస్తే ఓపిగ్గా వినే సంస్థ నడుపుతాడు. ఆయన్నేమో వేదిక మీద ఒక ఫోను మాట్లాడి చూపించమన్నారట. హాలంతా వినపడేలా స్పీకరు పెడతామన్నారట. ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మేమూ అలాగే వెనక్కి రావలసింది. కానీ బాయిలరు లేకుండా పని ఎలా? మర్నాడు మిషనత్త గదిలో గిన్నెలో కాచిన నీళ్ళతో ఆవిడ ఒళ్ళు తుడుస్తూ, నేను కమిటీని కడిగిపారేస్తున్నాను. ఆ గదిలో కుళాయి లేదు. కింది నుంచి బకెట్లు మొయ్యాలి. పొయ్యి ఒక్కటే, అదీ చిన్నది. రెండో గిన్నె కాగేలోగా మొదటి గిన్నె చల్లారిపోతుంది. స్నానం కాదు, తడిగుడ్డ తుడుపు. ఆవిడ వణుకుతూనే నా తిట్లన్నీ విని, మధ్యలో అందుకుంది.

"కాళ్ళేగా పిల్లా వాళ్ళు అడిగింది? నన్ను తీసుకుపో."

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది. వద్దు అంది.

"నీకెందుకు నర్సమ్మా అంత పంతం? బాయిలరు రాకపోతే నాకే గదా స్నానం ఉండనిది. నా స్వార్థం కోసం నేను వస్తానంటున్నా."

వదిన మళ్ళీ అడిగింది, ఆలోచించుకుని చెప్పమంది. ఆవిడ మళ్ళీ అదే మాట చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కానీ, దుప్పటి కింద కాళ్ళు దగ్గరికి లాక్కుంది. విరిగిన వైపు కాలు సన్నబడిపోయి, మడమ దగ్గర మానని పుండు ఉంది. ఆ కాలిని ఆవిడ మాకు చూపించడానికే చాలా రోజులు పట్టింది. ఎదురింటివాళ్ళు పలకరించడానికి వస్తే మేజోళ్ళు తొడిగితే గానీ తలుపు తియ్యనిచ్చేది కాదు.

సభ ముందురోజు టౌనుహాల్లో రిహార్సలు అన్నారు. స్నానానికి రిహార్సలు ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. మిషనత్తని రెండుసార్లు మెట్లు దించి మోసుకురాలేం కాబట్టి కుర్చీ ఒక్కటే తీసుకెళ్ళాం. ప్రచార అధికారి వేదిక మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టించాడు. ఇక్కడ కుర్చీ, ఇక్కడ బకెట్టు, ఇక్కడ ఛైర్మన్ గారు, ఈ వైపు కెమెరాలు. కుర్చీ వెనక తెర చూసి మొహం చిట్లించి, అది తీసెయ్యండి అన్నాడు. అది చట్రానికి బిగించింది, విడిగా రాదని మా ఆయన చెప్పాడు. సరే, విప్పకుండా ఉంచండి, ఫొటోలకి అడ్డం అన్నాడు.

కుర్చీలో ఎవరైనా కూర్చుంటే ఎత్తు సరిచూసుకోవచ్చని ఫొటోగ్రాఫరు అన్నాడు. మీరే కూర్చోండి అని అధికారిని నేను ఆహ్వానించాను. కూర్చున్నాడు. మేజోళ్ళు తియ్యండి, నీళ్ళు పోసి చూద్దాం అన్నాను. కాళ్ళు గభాలున కుర్చీ కిందికి పెట్టేశాడు.

"ఇక్కడా? ఇంతమంది ముందా?" అన్నాడు.

హాల్లో ఉన్నది మేం ముగ్గురం, ఫొటోగ్రాఫరు, కుర్చీలు సర్దే ఇద్దరు పనివాళ్ళు. మేజోడు చిరిగి బొటనవేలు బయటికొచ్చి ఉంటుందని మా ఆయన తర్వాత పందెం కాశాడు. ఏమైతేనేం, ఆ మనిషి మేజోడు విప్పలేదు. రేపు ఆ మాటే పెద్దావిడ కూడా అనొచ్చని తనకి తట్టలేదు. ఏమీ జరగనట్టు లేచి, రేపు పెద్దావిడకి కాళ్ళు బాగా కనపడేలా పొట్టి బట్టలు వెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. అక్కడున్న బకెట్టు ఆయన నెత్తిన బోర్లించనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటూ ఉంటాను.

సభరోజు హాలు కిక్కిరిసింది. ముందు వరసల్లో పెద్దలు, వెనక వాళ్ళ బంధువర్గం, గోడల వెంబడి నిలబడ్డవాళ్ళు. మొదట దుప్పట్లు పంచే సంఘం వచ్చింది. ఒకే దుప్పటిని ఏడుగురు పట్టుకుని ఒక ముసలాయనకి ఇచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదని ఆయన దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఆయన దుప్పటి చూసి కాదు, కెమెరా చూసి నవ్వడం నేర్చుకునేదాకా అది సాగింది. అక్కడికక్కడే నిధి ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

తర్వాత మమ్మల్ని పిలిచారు.

మిషనత్తని మా ఆయన చేతులమీద ఎత్తుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. పొట్టి బట్టలు వెయ్యలేదు, ఉన్నవాటిలో మంచివి వేసుకుంది. జుట్టు నున్నగా దువ్వించుకుంది. మొహాన లైట్లు పడగానే కళ్ళు చికిలించింది. అధికారి వంగి ఆవిడ మేజోళ్ళు లాగమని నాకు సైగ చేశాడు. ఛైర్మన్ చొక్కా చేతులు మడుచుకుని, మగ్గు అందుకుని, బకెట్లో ముంచి సిద్ధంగా నిలబడ్డాడు. నేను కుర్చీకి ఒకవైపు, వదిన ఒకవైపు. మేజోళ్ళు తియ్యడానికి వంగాను.

ఏం జరిగిందో నాకు జరిగాకే తెలిసింది. వంగిన దాన్ని వంగినట్టే పైకి లేచి తెర పట్టుకుని లాగాను. అటువైపు వదిన కూడా అదే క్షణంలో లాగింది. కుర్చీలో మనిషి కూర్చుంది, పక్కన వేణ్ణీళ్ళు ఉన్నాయి, మా చేతులకి ఇంకేం తెలుసు? రెండు పొరల నీలం గుడ్డ రింగుల మీద సర్రున జారి చుట్టూ మూసుకుపోయింది. లోపల మేం ముగ్గురం. బయట, మగ్గు పట్టుకుని ఛైర్మన్.

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. అధికారి తెర దగ్గరికొచ్చి, ఇదేం పని, తీసెయ్యండి తీసెయ్యండి అని పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. పొరపాటు మాదే. తీసేద్దామని తెర మీద చెయ్యి వేశాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపి, కళ్ళతో కిందికి చూపించింది.

మిషనత్త రెండు చేతులతో తెర అంచు పట్టుకుని ఉంది. గట్టిగా, తను కుట్టిన కుట్టు మీదే పట్టుకుని ఉంది. గుడ్డలోంచి వెలుతురు రావడం లేదు. పైనుంచి పడే మసక వెలుతురులో ఆవిడ మొహం తడిగా ఉంది. లైట్లలో అంతసేపు నవ్వుతూ కూర్చున్న మనిషి.

వదిన ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏ ఇంట్లోనైనా అడిగేటట్టే అడిగింది.

"తియ్యమంటావా, అత్తా?"

"తియ్యకపోతే మీకు డబ్బు రాదుగా" అంది ఆవిడ.

"అది కాదు నేనడిగింది. తియ్యమంటావా?"

"వద్దు నర్సమ్మా" అంది. "అనుకున్నా గానీ, నావల్ల కావడం లేదు."

నాకు వచ్చింది బాధ కాదు, కోపం. ఒక మనిషి స్నానం కోసం తన కాలి పుండు ఊరందరికీ చూపించుకోవాలా? చూపించుకోలేనందుకు మళ్ళీ ఆవిడే తప్పు చేసినట్టు కుంచించుకుపోవాలా? తెర సందులోంచి తలా చెయ్యీ మాత్రం బయటికి పెట్టి, ఛైర్మన్ చేతిలో మగ్గు తీసుకున్నాను. ఆయన ఇచ్చేశాడు కూడా పాపం, ఏం చెయ్యాలో తోచక.

"బకెట్టు కూడా ఇలా జరపండి సార్, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నాను. మైకు ఆయన చొక్కాకే ఉంది. నా మాట హాలంతా మోగింది.

ఎటూ వేణ్ణీళ్ళు ఉన్నాయి, ఎటూ తెర ఉంది. మా పని మేం చేశాం. మేజోళ్ళు తీసి, పుండు చుట్టూ జాగ్రత్తగా, మోకాళ్ళదాకా కడిగాం. వేళ్ళ సందులు తుడిచాం. వదిన తొందరపడలేదు. ఏ ఇంట్లో ఎంతసేపు పడుతుందో అంతసేపూ పట్టింది. బయట ఎవరో దగ్గుతున్నారు, కుర్చీలు జరుగుతున్నాయి, అధికారి మైకులో ఏదేదో చెప్పి నవ్వించబోయి నీళ్ళు నములుతున్నాడు. మళ్ళీ మేజోళ్ళు తొడిగాక, ఆవిడ మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, "ఇప్పుడు తియ్యండి" అంది. తీశాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆయన ఆవిడని ఎత్తుకుని బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

నిధి రాలేదు. మా వైపు నుంచి సహకార లోపం ఉందట. మర్నాడు పత్రికలో ఫొటో మాత్రం వచ్చింది. నీలం తెర ముందు మగ్గు పట్టుకుని ఛైర్మన్. కింద, వృద్ధురాలికి స్వయంగా సేవ చేస్తున్న ఛైర్మన్ అని రాశారు. నేను ఆ కాగితాన్ని చింపి పొయ్యిలో పెట్టాను. మా ఆయన ఇంకోటి కొనుక్కొచ్చి దాచుకున్నాడు. దిగులేసినప్పుడు చూసుకుంటాడట.

ఫొటో మాట ఎలా ఉన్నా, పని సగం పడిపోయింది. ఒక్క స్నానానికి సరిపడా వేణ్ణీళ్ళు కాచుకోగల ఇళ్ళకి మాత్రం వెళ్ళగలుగుతున్నాం. అంటే, ఎలాగోలా గడిచిపోయే ఇళ్ళకి మేం వెళుతున్నాం, మేం తప్ప దిక్కులేని ఇళ్ళకి వెళ్ళలేకపోతున్నాం. మిషనత్త దగ్గరికి గిన్నెలతో కుస్తీ పట్టడానికి వెళితే లోపల్నుంచి గడియ వేసుకుంది. తనవల్లే అందరి స్నానాలూ పోయాయనీ, తనకి ఆ తుడుపు కూడా అక్కర్లేదనీ, ఆ పొద్దు ఇంకొకరికి వెచ్చించమనీ తలుపవతల నుంచే చెప్పింది. తిట్టాను, బతిమాలాను. మంచం మీంచే తియ్యడానికి గడియకి తాడు కట్టుకుంది, ఆవిడ తాడు లాగితే గానీ గడియ రాదు. మాకోసం ఆవిడ లాగలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. తనకి మాత్రం తలుపు తీస్తుంటే కిందింటావిడ అన్నం పెట్టి వస్తూ, గదిలో వాసన వస్తోందని నాకు చెప్పింది. ఆ మాట విన్నరోజు నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు ఫోను వచ్చింది. ఆడగొంతు. పేరు చెప్పకుండా, మంచం మీదున్న మా అత్తగారికి స్నానం చేయించడానికి వస్తారా అని అడిగింది. ఆవిడకి బయటివాళ్ళు చూస్తారంటే భయమట, కోడళ్ళని కూడా ముట్టుకోనివ్వదట. ఎక్కడమ్మా మీ ఇల్లు అంటే నీళ్ళు నమిలింది. మళ్ళీ అడిగితే చెప్పింది. ఛైర్మన్ ఇల్లు.

నేనేమీ అనేలోపే ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆ సభలో నేనూ ఉన్నానండీ. ఆ నీలం తెర... అది తెస్తారుగా?"

నా నోటిదాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయను. ఈ ఊళ్ళో అందరి స్నానాలకీ అడ్డుపడి, తన తల్లికి మాత్రం తెర కావాలా? ఫోను పెట్టేద్దామనుకున్నాను. వదిన పక్కనే కూర్చుని అంతా వింటోంది. మంచం మీదున్న ఆవిడ కమిటీలో లేదుగా అంది. అంతే అంది.

పళ్ళు కొరుక్కుని, వేణ్ణీళ్ళు ఉంటాయా అని అడిగాను. వేణ్ణీళ్ళకేం, పొద్దస్తమానం వస్తూనే ఉంటాయని ఆ కోడలు చెప్పింది. ఆ మాటకి నా బుర్రలో దీపం వెలిగింది.

"వస్తాం. తెర తెస్తాం. ఎవరికీ తెలియదు. కానీ మేం వెళ్ళేటప్పుడు మా బండి ట్యాంకు మీ ఇంటి వేణ్ణీళ్ళతో నిండాలి. వచ్చిన ప్రతిసారీ" అన్నాను.

ఆ ఇంట్లో స్నానం గురించి నేను చెప్పను. ఆ అత్తగారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ మాత్రం కూడా నా నోట వచ్చేది కాదు. తెర లాగాం, ఆవిడ అన్నాకే తీశాం. అంతే.

పెరటివైపు బండి పెట్టి, స్నానాలగది కిటికీలోంచి పైపు లాగి ట్యాంకులో పెట్టాడు మా ఆయన. అంతలో కారు వచ్చింది. ఛైర్మన్ పెరట్లోకి వచ్చి, పైపునీ బండినీ నన్నూ చూసి నిలబడిపోయాడు. మొహంలో రంగులు మారాయి. అడగడానికి నోరు తెరిచి, కిటికీలోంచి భార్య చూస్తుంటే మళ్ళీ మూసుకున్నాడు. పైపు కొస ట్యాంకు మూతిలోంచి జారిపోతోంది.

"జారకుండా పట్టుకోండి సార్" అన్నాను.

పట్టుకున్నాడు. ట్యాంకు నిండేదాకా పట్టుకున్నాడు, ఆవిరి మొహానికి కొడుతున్నా. అమ్మ ఎలా ఉందని మెల్లిగా అడిగాడు. వెళ్ళి ఆవిడనే అడగండి అన్నాను. ఆ మనిషి మీద నాకు జాలి వేసిందనుకునేరు. లేదు. ఆ మెత్తటి గొంతు ఆరోజు కమిటీ గదిలో ఎక్కడికి పోయింది? బాయిలరు సంగతి తర్వాతైనా తేల్చాడా అంటే, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. సభలోనట.

అక్కడ్నుంచి తిన్నగా మిషనత్త ఇంటికి పోయాం. మా ఆయన పైపు మేడమీదికి లాగాడు. నేను తలుపు దగ్గర నిలబడి, వేణ్ణీళ్ళు తెచ్చామత్తా, ట్యాంకు నిండా తెచ్చాం, తలుపు తియ్యకపోతే నీ గడపమీదే పోసేసి పోతానన్నాను. చాలాసేపటికి తాడు కదిలింది.

తెర లాగాం. మొదటి మగ్గు భుజాలమీద పడగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. వదిన వీపు రుద్దుతోంది, నేను నీళ్ళు పోస్తున్నాను. ఎంత పోసినా ఇంకా వస్తున్నాయి, ఇంకా వేడిగానే ఉన్నాయి. గది అంతా ఆవిరి. కొంతసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి అడిగింది.

"ఎక్కడివి పిల్లా ఇన్ని నీళ్ళు?"

ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదు. అదీ వదిన పద్ధతే. నాలుక కొసమీదికి వచ్చిన పేరుని మింగేశాను. మింగుతుంటే నిప్పు మింగినట్టే ఉంది. వదిన నావైపు చూసింది.

"పురపాలక సంఘం వాళ్ళు ఇచ్చారత్తా" అన్నాను.

ఆవిడ మెడ తిప్పి నా మొహంలోకి చూసింది. "నిజంగా? ఆరోజు అంత రభస అయినా ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అయితే నావల్ల పోలేదన్నమాట."

మగ్గు మళ్ళీ ముంచాను. సగం నీళ్ళు నామీదే పోసుకున్నాను.

"నీవల్ల పోలేదత్తా" అన్నాను.